షేక్స్‌పియర్ ‘ది టెంపెస్ట్’: అధికారం, దాస్యం, వలస పాలన – లష్కరు నుంచి ఒక పరిశీలన

‘ది టెంపెస్ట్’ విలియమ్ షేక్స్‌పియర్ తన రచనా జీవితం చివరి దశలో, 1610–11 ప్రాంతంలో రాసిన నాటకం. 1611 నవంబరు 1న లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో మొదటి జేమ్స్ రాజు ఎదుట దీన్ని ప్రదర్శించినట్లు కొలువు లెక్కల్లో నమోదైంది. 1612–13 చలికాలంలో రాకుమారి ఎలిజబెత్ పెళ్లి వేడుకల్లో మళ్లీ ఆడారు. 1623లో వెలువడిన షేక్స్‌పియర్ నాటకాల తొలి సంపుటిలో మొట్టమొదట అచ్చయింది ఈ నాటకమే. చాలాకాలం దీన్ని మంత్రవిద్య గురించిన, క్షమ గురించిన కథగా చదివారు. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి, ముఖ్యంగా యూరప్ పాలన కింద నలిగిన దేశాల రచయితలు, ఇది పరాయి నేలను ఆక్రమించి అక్కడివాళ్ల చేత చాకిరీ చేయించుకున్న కథ అని చెబుతూ వచ్చారు. 1798 నాటి ఒక సైనిక ఒడంబడిక ఫలితంగా పుట్టిన సికింద్రాబాద్‌లో, దాని పాత బజార్ల మధ్య ఉన్న రాంగోపాల్‌పేట్‌లో కూర్చుని చదివేవారికి ఈ రెండో అర్థం వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

కథ

మిలాన్ ప్రభువు ప్రాస్పెరో రాజ్యభారాన్ని తమ్ముడు ఆంటోనియోకు వదిలేసి గ్రంథాల్లో మునిగిపోతాడు. తమ్ముడు నేపుల్స్ రాజు అలోన్సోతో కలిసి అతన్ని పదవి నుంచి తోసేసి, మూడేళ్లు నిండని కూతురు మిరాండాతో సహా చివికిపోయిన పడవలో సముద్రం మీదికి వదిలేస్తాడు. దయగల వృద్ధుడు గొంజాలో ఆ పడవలో తిండి, నీళ్లు, బట్టలతో పాటు ప్రాస్పెరో పుస్తకాలను కూడా పెట్టిస్తాడు. తండ్రీకూతుళ్లు చేరిన ద్వీపంలో అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు కాలిబన్. అల్జీర్స్ నుంచి వెళ్లగొడితే అక్కడికి చేరి, తర్వాత చనిపోయిన సికోరాక్స్ అనే మంత్రగత్తె కొడుకు. రెండోది ఏరియల్ అనే గాలి భూతం. సికోరాక్స్ ఆజ్ఞలు పాటించనందుకు పన్నెండేళ్లుగా చీలిన దేవదారు మానులో ఇరుక్కుపోయి ఉంది. ప్రాస్పెరో ఏరియల్‌ను విడిపించి తన పనికి పెట్టుకుంటాడు. కాలిబన్‌ను మొదట చేరదీస్తాడు, తర్వాత బానిసను చేస్తాడు.

పన్నెండేళ్లు గడిచాక శత్రువుల ఓడ ఆ దారిన వస్తుంది. ప్రాస్పెరో తుపాను పుట్టించి వాళ్లను ఒడ్డుకు రప్పిస్తాడు. అలోన్సో కొడుకు ఫెర్డినాండ్, మిరాండా ప్రేమించుకుంటారు. తాగుబోతు బట్లర్ స్టెఫానోతో, విదూషకుడు ట్రింక్యులోతో చేతులు కలిపి కాలిబన్ తన యజమానిని చంపాలని చూస్తాడు. పన్నాగం బెడిసికొడుతుంది. చివరకు ప్రాస్పెరో అందరినీ క్షమించి, ఏరియల్‌ను వదిలేసి, మంత్రవిద్యకు స్వస్తి చెప్పి మిలాన్‌కు బయలుదేరతాడు. కాలిబన్ ద్వీపంలోనే ఉండిపోయాడా, ఓడ ఎక్కాడా అన్నది నాటకంలో లేదు.

కథకు ఊతం దొరికిన చోటు అట్లాంటిక్ సముద్రం. 1609లో ఇంగ్లండ్ నుంచి వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ వలసకు వెళ్తున్న ‘సీ వెంచర్’ ఓడ తుపానులో చిక్కి బెర్ముడా దీవుల దగ్గర ఒడ్డెక్కింది. అందులోని వాళ్లు పది నెలలు అక్కడే బతికి, రెండు చిన్న ఓడలు కట్టుకుని 1610లో జేమ్స్‌టౌన్ చేరారు. వారిలో ఒకడైన విలియమ్ స్ట్రాచీ రాసిన సుదీర్ఘమైన లేఖను షేక్స్‌పియర్ రాతప్రతిలో చూశాడని చాలామంది పండితులు నమ్ముతారు. ఆ దీవిలో కొందరు పని చేయడానికి నిరాకరించడం, తిరుగుబాట్లు, అధికారి వాటిని అణచడం అన్నీ ఆ లేఖలో ఉన్నాయి. ఫ్రెంచి రచయిత మోంటెయిన్ అమెరికా ఆదివాసుల మీద రాసిన వ్యాసం 1603లో ఇంగ్లీషులోకి వచ్చింది. నాటకంలో గొంజాలో కలగనే ఆస్తులు లేని, యజమానులు లేని సమాజం ఆ వ్యాసం నుంచి వచ్చిందే. కానీ కథ జరిగే ద్వీపం అట్లాంటిక్‌లో లేదు. ట్యునీసియా నుంచి ఇటలీకి వెళ్లే దారిలో, మధ్యధరా సముద్రంలో ఉంది. ఇది అమెరికా కథా, ఆఫ్రికా కథా అనే వాదం అందుకే తెగలేదు.

కట్టెలు మోసేవారు

ఈ నాటకంలో అధికారం గుట్టు ఒక చిన్న సంభాషణలో బయటపడుతుంది. కాలిబన్ ముఖం చూడటం తనకు ఇష్టం లేదంటుంది మిరాండా. అయినా వాడు లేకపోతే మనకు గడవదు అని తండ్రి జవాబు. పొయ్యి రాజేసేది వాడు, కట్టెలు తెచ్చేది వాడు, మనకు పనికొచ్చే సేవలన్నీ చేసేది వాడు. సముద్రాన్ని అల్లకల్లోలం చేయగల మంత్రవేత్తకు పొయ్యిలో కట్టె పెట్టుకోవడం చేతకాదు. ద్వీపంలో మంచినీటి ఊటలు ఎక్కడున్నాయో, ఉప్పునీటి గుంటలు ఎక్కడున్నాయో, ఏ నేల పండుతుందో ఏది పండదో మొదట చూపించినవాడు కూడా కాలిబనే. ఈ ద్వీపం తన తల్లి నుంచి తనకు వచ్చిందని, ప్రాస్పెరో లాక్కున్నాడని, తనకు తాను రాజుగా ఉన్నవాడు ఇప్పుడు ఇతని ఏకైక ప్రజగా మిగిలాడని అతను ముఖం మీదే చెబుతాడు. ప్రాస్పెరో ఆ వాదనకు నేరుగా జవాబు ఇవ్వడు. నిన్ను దయగా చూశాను, నువ్వు నా కూతురి మీద అఘాయిత్యానికి దిగావు అని మాట మారుస్తాడు. కాలిబన్ ఆ నేరం కాదనడు, పశ్చాత్తాపమూ పడడు. అతని పక్షాన నిలబడే చదువరి ఈ సంగతిని దాటవేస్తే నాటకానికీ, మిరాండాకీ అన్యాయం చేసినట్లే. కానీ నేరానికి శిక్ష వేరు, నేలను లాక్కోవడం వేరు. మొదటిది రెండోదానికి పట్టా కాలేదు.

ద్వీపంలో దాస్యం ఒకే రకంగా లేదు. షేక్స్‌పియర్ దాన్ని మూడు మెట్లుగా చూపించాడు. కాలిబన్‌ది గడువు లేని బానిసత్వం. మాట వినకపోతే ఒళ్లంతా నొప్పులు, తిమ్మిర్లు, గిచ్చుళ్లు. ఏరియల్‌ది గడువున్న సేవ. ఒప్పుకున్న కాలం నుంచి ఏడాది తగ్గిస్తానన్నావు కదా అని ఏరియల్ గుర్తుచేస్తే, యజమాని మండిపడి, ఏ బాధ నుంచి నిన్ను విడిపించానో మరిచావా అని ఆ కథంతా మళ్లీ చెప్పి, నోరెత్తితే సిందూర మానులో మరో పన్నెండు చలికాలాలు బిగిస్తానని బెదిరిస్తాడు. తర్వాత రెండు రోజుల్లో వదిలేస్తానని మాటిస్తాడు. మూడోవాడు ఫెర్డినాండ్. రాకుమారుడి చేత కూడా వేలాది దుంగలు మోయించి పేర్పిస్తాడు ప్రాస్పెరో. అతనికి అది పెళ్లికి ముందు పరీక్ష. ప్రియురాలు పక్కన నిలబడి సాయపడతానంటుంది, అతను హాయిగా మోస్తాడు. ఒకే బరువు ఒకడికి శిక్ష, ఇంకొకడికి శృంగారం. ఈ రెండు దృశ్యాలను షేక్స్‌పియర్ ఒకదాని వెంట ఒకటి పెట్టడం యాదృచ్ఛికం అనుకోలేం.

ఏరియల్‌ను మేధావిగా, కాలిబన్‌ను శ్రామికుడిగా చూడటం విమర్శలో పరిపాటి. తెలుగువారి చరిత్రను పక్కన పెట్టుకుని చదివితే ఏరియల్ మరోలా కనిపిస్తుంది. గడువు, ఆ గడువులో కోత ఆశ, విడుదల ఎప్పుడో అడిగితే పాత ఉపకారం ఎత్తిపొడుపు – ఇవన్నీ పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి ఓడలెక్కిన గిర్మిట్ (గడువు ఒప్పందం) కూలీల అనుభవాలే. షేక్స్‌పియర్ కాలంలో వర్జీనియాకు వెళ్లిన పేద ఇంగ్లీషువాళ్లు సైతం ఇలాంటి గడువు కాగితాల మీదే వెళ్లారు.

భాష, పుస్తకాలు

కాలిబన్‌కు మాటలు నేర్పింది తామేనని తండ్రీకూతుళ్ల నమ్మకం. నీ మనసులో ఏముందో నీకే తెలియని స్థితిలో ఉంటే మాటలిచ్చి తెలియజెప్పాం అనే కటువైన ప్రసంగం 1623 సంపుటిలో మిరాండా పేరు మీద ఉంది. ఒక ఆడపిల్ల నోట అంత కాఠిన్యం తగదని చాలామంది సంపాదకులు దాన్ని ప్రాస్పెరోకు మార్చారు. ఇరవయ్యో శతాబ్దపు సంపాదకులు తిరిగి మిరాండాకే ఇచ్చారు. పాలకుల ఇంటి ఆడపిల్ల కూడా పాలనలో భాగస్వామి అవుతుందన్న సంగతి ఆ మార్పుల వెనుక దాగి ఉంది. అదే పిల్ల ఎప్పుడు నిద్రపోవాలో, ఎవరిని పెళ్లాడాలో తండ్రి నిర్ణయిస్తాడన్నదీ నిజమే. చనిపోయిన సికోరాక్స్ గురించి మనకు తెలిసిందంతా ఆమె శత్రువు నోటి మాటే.

కాలిబన్ ఆ చదువుకు కృతజ్ఞుడు కాడు. తిట్టడానికి పనికొచ్చిందంటాడు. కానీ నాటకంలోని అత్యంత అందమైన మాటల్లో కొన్ని అతనివే. ద్వీపంలో వినిపించే సంగీతాల గురించి, నిద్రలో మేఘాలు తెరుచుకుని సంపదలు కురిపించబోతుంటే మెలకువ వచ్చి మళ్లీ కల కోసం ఏడ్చిన సంగతి గురించి అతను చెప్పే చోట షేక్స్‌పియర్ అతనికి పూర్తి స్థాయి కవిత్వం ఇచ్చాడు. తాగుబోతు స్టెఫానో, ట్రింక్యులో వచనంలో తూలుతుంటే ‘మోటువాడు’ ఛందస్సులో మాట్లాడతాడు. యజమానిని చంపాలంటే ముందు అతని పుస్తకాలు పట్టుకోవాలని సలహా చెప్పేదీ కాలిబనే. అధికారం ఎక్కడుందో అతనికి స్పష్టంగా తెలుసు.

మన దేశంలో పాలకుల పుస్తకాలు 1835 తర్వాత బడుల్లోకి వచ్చాయి. ఇంగ్లీషు సాహిత్యం ఒక పాఠ్యాంశంగా ఇంగ్లండ్ కంటే ముందు ఇండియాలోనే స్థిరపడిందని గౌరీ విశ్వనాథన్ 1989లో తన పరిశోధనలో చూపించారు. ఆ చదువు తెలుగులో వెంటనే ఫలించింది. వావిలాల వాసుదేవశాస్త్రి 1876లో ‘జూలియస్ సీజర్’ను తెలుగు చేశారు. కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా మలిచారు. సికింద్రాబాద్‌లో 1862లో మొదలైన మహబూబ్ కాలేజీ ఈ కొత్త చదువుకు నిలయం. 1893 ఫిబ్రవరిలో వివేకానందుడు అమెరికా వెళ్లే ముందు తన సంకల్పం గురించి ఇంగ్లీషులో ప్రసంగించింది అక్కడే. నేర్చిన భాష తిట్టడానికే కాదు, ఎదురునిలిచి మాట్లాడటానికీ పనికొస్తుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ ఊళ్లో లేదు.

భాష విషయంలో హైదరాబాద్ రాజ్యం కథ ఇంకొంచెం చిక్కైనది. ఇక్కడ దొరభాష ఒకటి కాదు. బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీలో ఇంగ్లీషు, నిజాం దర్బారులో ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాద్‌లో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) ఉపాధ్యాయుల ఇళ్లలో వంట చేస్తూ అక్షరాలు నేర్చుకుని, ఆ అక్షరాలతో వెట్టి బతుకుల నవల ‘ప్రజల మనిషి’ రాశారు. యజమాని ఇంటి పొయ్యి దగ్గర నేర్చుకున్న చదువు శాపనార్థాలతో ఆగిపోకుండా ఏమి కాగలదో తెలుసుకోవాలంటే ఆయన జీవితం చదవాలి.

1611, మచిలీపట్నం

వైట్‌హాల్‌లో ‘టెంపెస్ట్’ ఆడిన ఏడాదే ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ తెలుగు తీరానికి చేరింది. షేక్స్‌పియర్ నాటకశాల పేరు కూడా అదే. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్ నడిపిన ఆ ఓడలో వర్తకులుగా పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథ్యూనిస్ వచ్చారు. నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ఇంగ్లీషువారి వర్తకానికి అదే మొదలు. అప్పటికి గోల్కొండను ఏలుతున్నది ముహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఆ రోజుల్లో కంపెనీ చేతిలో మంత్రదండం లేదు. రేవు అధికారుల అనుమతి కోసం పడిగాపులు కాస్తూ, కానుకలిస్తూ, సుంకం మీద బేరాలాడుతూ బట్టలు కొనుక్కునే వర్తకులు వాళ్లు. నాటకంలోని ద్వీపానికీ కోరమాండల్ తీరానికీ ఇక్కడ పోలిక కుదరదు. ఇక్కడ నిర్జన ద్వీపం లేదు. రేవులు, నేతగాళ్లు, అద్దకపువాళ్లు, షరాబులు, సుల్తాను ఉన్నారు. వలస పాలన అంతటా ఒకే తీరున వచ్చిందనే వాదానికి మచిలీపట్నం గట్టి అడ్డంకి.

లష్కరు

కంపెనీ చేతికి దండం వచ్చింది 1798లో. ఆ ఏడాది సెప్టెంబరు 1న నిజాం అలీఖాన్ సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. కంపెనీ పటాలాలను తన రాజ్యంలో ఉంచుకుని, వాటి ఖర్చుకు ఏటా 24,17,100 రూపాయలు ఇవ్వాలి. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న సొంత పటాలాలను రద్దు చేసుకోవాలి. 1800లో ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్తమండలాలు అన్నారు. ఏ నేల పండుతుందో చూపించి, ఆ నేలనే పోగొట్టుకున్న కాలిబన్ ఇక్కడ గుర్తుకు రాక మానడు. హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగిన పటాలాల చుట్టూ పెరిగిన ఊరికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని లష్కరు, అంటే సైన్యపు విడిది, అన్నారు. ఇప్పటికీ బోనాలు ‘లష్కర్ బోనాలే’.

కంటోన్మెంటు అంటే సిపాయిలు, దొరలే కాదు. ఒక్కో దొర బంగళా వెనుక ఖాన్సామా, బట్లరు, ఆయా, చాకలి, భిస్తీ, గుర్రాల సైసు, గడ్డి కోసేవాళ్లు, పంకా లాగేవాడు, తోటమాలి, పాకీవాళ్లు ఉండేవారు. పటాలం కదిలితే డోలీ బోయీలు కదలాలి. ఉజ్జయిని మహంకాళి ఆలయం ఐతిహ్యం ఒక డోలీ బోయీతో మొదలవుతుంది. సురిటి అప్పయ్య 1813లో పటాలంతో ఉజ్జయినికి బదిలీ అయ్యాడని, లష్కరులో కలరా ప్రబలిందని విని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగివచ్చాక 1815లో అమ్మవారి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని ఆలయం చెప్పుకునే చరిత్ర. రెసిడెంట్ల పేర్లు, జనరళ్ల పేర్లు ఈ ఊరి వీధుల మీంచి చాలావరకు తొలగిపోయాయి. దొరల డోలీలు మోసినవాడి మొక్కు మాత్రం ప్రతి ఆషాఢంలో లక్షల మందిని వీధుల్లోకి తెస్తోంది. నౌకరు చరిత్ర అంటే అణిగిమణిగి ఉన్న చరిత్ర మాత్రమే కాదనడానికి ఇది గట్టి సాక్ష్యం.

రాంగోపాల్‌పేట్‌కు పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రామ్‌గోపాల్ మార్వాడీ వర్తకుడు, మిల్లు యజమాని. మహాత్మాగాంధీ రోడ్డు జేమ్స్ స్ట్రీట్‌గా ఉన్న రోజుల్లో అక్కడ గడియారంతో కట్టిన పోలీస్ స్టేషన్ భవనం ఆయన ఇచ్చిందే. సికింద్రాబాద్ గడియార స్తంభాన్ని 1897 ఫిబ్రవరి 1న రెసిడెంట్ ట్రెవర్ చిచెలీ ప్లౌడెన్ ప్రారంభించాడు. దానికి గడియారం కూడా ఆ కుటుంబం కానుకే. ప్రాస్పెరోకీ కాలిబన్‌కీ నడుమ షేక్స్‌పియర్ చోటు చూపని ఒక వర్గం, అంటే దొరతనంతో వ్యాపారం చేసి, బిరుదు పుచ్చుకుని, ఊరికి కట్టడాలు ఇచ్చిన వర్తకులు, ఈ ఊరి చరిత్రలో పెద్ద పాత్ర వహించారు. నాటకం చట్రంలో ఊరు పూర్తిగా ఇమడదు.

ఇక్కడికి దగ్గరలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు తాగింది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టించుకున్న ఒక్కో దోమకు అతనికి ఒక అణా ముట్టింది. రాస్ చేసిన మేలు మానవాళికంతటికీ అందింది, దాన్ని తగ్గించి చెప్పకూడదు. అయితే ఆ జ్ఞానం పుట్టడానికి రోగి ఒళ్లు అప్పగించాడు. ప్రాస్పెరో పుస్తకాలకు కాలిబన్ కట్టెలు ఎలాంటివో ఆ విద్యకు ఆ రక్తం అలాంటిది.

పాలకులకూ ఇక్కడివారికీ మధ్య సంబంధాల్లో మరో పక్క కూడా ఉంది. 1798 నుంచి 1805 దాకా హైదరాబాద్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ ఇక్కడి ఉన్నత కుటుంబపు యువతి ఖైరున్నీసాను పెళ్లాడాడు. వారికి పుట్టిన ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండ్ పంపారు. అక్కడ వారికి క్రైస్తవ నామాలు పెట్టారు. తల్లి మళ్లీ వారిని చూడలేదు. ద్వీపంలో కాలిబన్ సంతానం గురించి ప్రాస్పెరో కుటుంబం పడిన భయం ఒకటైతే, పాలకుడే హద్దు దాటినప్పుడు పిల్లలను తల్లి నుంచి దూరం చేసిన వాస్తవం ఇంకొకటి.

దొర పైన దొర

హైదరాబాద్ రాజ్యంలో దొరతనం ఒక్క పొరగా లేదు. రెసిడెంట్ కింద నిజాం, నిజాం కింద జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, వాళ్ల గడీల కింద వెట్టి చేసే ఊళ్లు. తెలంగాణ పల్లెల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కుటుంబాలు కూలి లేకుండా గడీకి నీళ్లు, కట్టెలు, ఆకులు చేర్చాలి. ఊరికి అధికారి వస్తే మూటలు మోయాలి. ఇది ఇంగ్లీషువాళ్లు తెచ్చింది కాదు. వారి ఛత్రఛాయలో నిశ్చింతగా సాగింది. ‘టెంపెస్ట్’ను తెల్లవాడు–నల్లవాడు జంటగా మాత్రమే చదివే పద్ధతి ఇక్కడ చాలదు. స్టెఫానో కాళ్లు నాకి, అతన్ని దేవుడనుకుని, కొత్త యజమాని దొరికాడని పాట పాడిన కాలిబన్ మన చరిత్రకు మరింత దగ్గరివాడు. ఒక దొరను దించడానికి మరో దొరను ఎంచుకోవడం ఎంత ప్రమాదమో అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. తీగ మీద ఆరేసిన జిలుగు బట్టలు చూసి స్టెఫానో, ట్రింక్యులో పని మరిచిపోతే, అవి చెత్త, వదిలేయండని అరిచేది కాలిబన్ ఒక్కడే.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా నిలబడినప్పుడు వెనుక తాగుబోతు బట్లర్ లేడు, సంఘం ఉంది. కాలిబన్‌కు లేనిది అదే. అతను ద్వీపంలో ఒంటరి. వెట్టిని నిషేధిస్తూ నిజాం ఫర్మానాలు వెలువడినా ఊళ్లలో అది కదిలింది 1946–51 నాటి సాయుధ పోరాటంతో. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది.

రంగస్థలం మీద, విమర్శలో

ఇంగ్లీషు రంగస్థలం కాలిబన్‌ను చాలాకాలం నవ్వులాటకు వాడుకుంది. 1667లో డేవనంట్, డ్రైడెన్ తిరగరాసిన రూపం నూట డెబ్బై ఏళ్లపాటు రాజ్యమేలింది. అసలు పాఠాన్ని 1838లో మాక్రెడీ తిరిగి వేదికెక్కించాడు. డార్విన్ తర్వాత కాలిబన్‌ను కోతికీ మనిషికీ మధ్య జంతువుగా ఆడటం మొదలైంది. ఫ్రాంక్ బెన్సన్ పచ్చి చేపను నోట కరుచుకుని తలకిందులుగా వేలాడేవాడు. 1904లో బీర్‌బోమ్ ట్రీ ప్రదర్శన, ఓడ వెళ్లిపోతుంటే ఒడ్డున ఒంటరిగా నిలిచిన కాలిబన్‌తో ముగిసింది. 1970లో లండన్‌లో జోనథన్ మిల్లర్ ఏరియల్, కాలిబన్ పాత్రలను నల్లజాతి నటులకిచ్చి, వలస రాజ్యంలోని రెండు రకాల సేవకులుగా చూపించాడు.

విమర్శలో మలుపు 1950లో వచ్చింది. మడగాస్కర్‌లో 1947 తిరుగుబాటు తర్వాత ఫ్రెంచి మనస్తత్వ శాస్త్రవేత్త ఆక్టేవ్ మానోని, వలస ప్రజల్లో పరాధీనతా స్వభావం ముందే ఉంటుందని, అందుకు కాలిబన్ నమూనా అని రాశాడు. ఆ వాదం అన్యాయమైనది. 1952లో ఫ్రాంజ్ ఫానన్ దాన్ని తుత్తునియలు చేశాడు. పరాధీనత పుట్టుకతో వచ్చే గుణం కాదు, తుపాకీ తెచ్చిపెట్టే పరిస్థితి. 1960లో బార్బడోస్ రచయిత జార్జ్ లామింగ్ తనను కాలిబన్ వారసుడిగా చెప్పుకున్నాడు. 1969లో మార్టినిక్ కవి ఎమే సెజేర్ ఈ నాటకాన్ని తిరగరాసి, కాలిబన్‌ను తిరుగుబాటుదారుగా, ఏరియల్‌ను రాజీదారు ములాటోగా (మిశ్రమ జాతివాడిగా) మలిచాడు. 1971లో క్యూబా విమర్శకుడు రెటమార్ లాటిన్ అమెరికాకు ప్రతీక ఏరియల్ కాదు, కాలిబన్ అన్నాడు. 1989లో ఆనియా లూంబా, జాతి గురించి మాట్లాడుతూ స్త్రీని మరిచిపోయే ఈ చదువుల లోపాన్ని ఎత్తిచూపారు. వీటన్నిటినీ కాదని ఇది షేక్స్‌పియర్ రంగస్థలానికి పలికిన వీడ్కోలు మాత్రమేనని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. వారి వాదంలో బలం ఉంది. కానీ ఆ వీడ్కోలు పలికే మాంత్రికుడి ఇంట ఒక బానిస ఉన్నాడన్న వాస్తవాన్ని అది చెరిపివేయలేదు.

మారిషస్ తెలుగు మనిషి ‘తుఫాన్’

తెలుగు మూలాలున్న రచయిత చేతిలో ఈ నాటకం పొందిన అతి పెద్ద పునర్జన్మ హిందూ మహాసముద్రంలో జరిగింది. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావాలి. రద్దుకు ముందే, 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో మొదటి జట్టు పోర్ట్ లూయీలో దిగింది. తర్వాతి దశాబ్దాల్లో నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ దీవి చేరారు. కోరంగి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరిన తొలి కూలీల్లోనూ తెలుగువారున్నారు.

దేవ్ విరాసామి (1942–2023) మారిషస్ తెలుగు కుటుంబాల సంతతివాడు, భాషావేత్త, రాజకీయ కార్యకర్త. 1969లో పుట్టిన మారిషస్ మిలిటెంట్ ఉద్యమ స్థాపకుల్లో ఒకడు. 1970ల మొదట్లో జైలుకు వెళ్లాడు. ప్రభుత్వమూ చదువుకున్నవాళ్లూ ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలకే విలువ ఇస్తున్న దేశంలో బానిసల, కూలీల నోట పుట్టిన క్రియోల్‌ను జాతి భాషగా నిలబెట్టడానికి జీవితం ధారపోశాడు. షేక్స్‌పియర్ నాటకాలను క్రియోల్‌లోకి తేవడం ఆ పోరాటంలో భాగం. 1991లో రాసిన ‘తుఫాన్’లో ప్రాస్పెరో కంప్యూటర్లతో దీవిని నడిపే శాస్త్రవేత్త. అతని కూతురి పేరు కార్డీలియా. ఏరియల్ బంగారు జుట్టు, నీలికళ్లున్న యంత్రమానవుడు. కాలిబన్ బానిస తల్లికీ తెల్ల ఓడదొంగకూ పుట్టిన మిశ్రమ సంతతివాడు, తెలివైన సాంకేతిక నిపుణుడు. తాగుబోతు, గంజాయి మత్తుగాడు అయిన ఇద్దరు చిల్లర మనుషులు స్టెఫానో, ట్రింక్యులోల స్థానంలోకి వచ్చారు. చివరకు కార్డీలియా తండ్రి చూపిన రాకుమారుణ్ని కాదని కాలిబన్‌ను ఎంచుకుంటుంది, దీవి అతని చేతికి వస్తుంది. సెజేర్ కాలిబన్ తిరగబడి ఆగిపోతే, విరాసామి కాలిబన్ పని తెలిసినవాడు కాబట్టి అధికారానికి అర్హుడవుతాడు. రెండింటిలో ఈ రెండోదే ఎక్కువ ధైర్యమున్న ఊహ. ద్వీపాన్ని నిజంగా నడుపుతున్నవాడు సేవకుడేనని మూల నాటకం ఒక్క వాక్యంలో ఒప్పుకున్న సత్యానికి ఇది రాజ్యాంగ రూపం ఇచ్చింది. ఈ నాటకం ఇంగ్లీషు అనువాదాన్ని 1999లో లండన్‌లో ప్రదర్శించారు.

‘టెంపెస్ట్’ను తెలుగులో ఆడాలనుకునే దర్శకులకు ఒక విన్నపం. నిడివి తగ్గించడానికి సాధారణంగా కత్తెర పడేది దుంగలు మోసే ఘట్టాల మీద, ఏరియల్ గడువు అడిగే ఘట్టం మీద. తుపాను హోరునూ, మంత్రంతో మాయమయ్యే విందు దృశ్యాన్నీ తగ్గించండి. దుంగల, గడువు ఘట్టాలను మాత్రం పూర్తిగా ఉంచండి. కాలిబన్ నోట పుస్తకాల తెలుగు కాక, కట్టెలు మోసినవాళ్ల తెలుగు పలికించండి.